బడ్జెట్‌లో వేల కోట్లు సరే.. మన గల్లీ దాకా వచ్చిందెంత? ఆ లెక్క ఎక్కడ చూడాలి?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: బడ్జెట్ రోజున టీవీల్లో వేల కోట్ల అంకెలు పరుగెడుతుంటాయి. మైనారిటీ సంక్షేమానికి 2024-25లో రాష్ట్ర ప్రభుత్వం రూ.3,003 కోట్లు కేటాయించింది. 2025-26లో అది రూ.3,591 కోట్లకు పెరిగింది. అంకె పెద్దదే. కానీ కోరుట్లలో బిడ్డ పెళ్లి చేసి, షాదీ ముబారక్‌కు దరఖాస్తు పెట్టుకుని, తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగే తల్లికి ఈ అంకెతో పని లేదు. ఆమె అడిగేది ఒక్కటే. మన మండలానికి పైసలు వచ్చాయా, వస్తే ఏ తేదీ దరఖాస్తుల దాకా ఇచ్చారు?

ఈ రెండు లెక్కల మధ్య చాలా దూరం ఉంది. మొదటిది అందరికీ తెలుస్తుంది. రెండోది కొందరికే తెలుస్తుంది. ఆ తెలిసిన కొందరి చుట్టూ మిగతావాళ్లు తిరగాల్సి వస్తుంది. లెక్క కనబడని చోట, లెక్క తెలిసినవాడే దలాల్ అవుతాడు. ప్రభుత్వం పెట్టే ఖర్చు ఆన్‌లైన్‌లో అందరికీ కనబడాలని అడగడానికి అసలు కారణం ఇదే.

ఒకే పైసాకు నాలుగు దశలు

ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. సర్కారు పైసా నాలుగు దశలు దాటి వస్తుంది. కేటాయింపు, విడుదల, బిల్లు, చెల్లింపు.

జగిత్యాల జిల్లాలో గల్ఫ్‌కు మనిషి పోని బస్తీ తక్కువ కాబట్టి ఆ లెక్కలోనే చూద్దాం. ఈ సంవత్సరం ఇంటికి రెండు లక్షలు పంపిస్తానని దుబాయ్ నుంచి కొడుకు ఫోన్‌లో చెప్పాడనుకోండి. అది కేటాయింపు. అందులోంచి ఈ నెలకు 20 వేలు పంపాడు. అది విడుదల. ఇంట్లోవాళ్లు కిరాణా షాపులో ఉద్దెర తెచ్చారు, షాపతను చీటీ రాసిచ్చాడు. అది బిల్లు. ఆ బాకీ తీర్చిన రోజు చెల్లింపు.

కొడుకు ఫోన్‌లో ఎంత చెప్పినా కిరాణా అతనికి నాలుగో దశే ముఖ్యం. సర్కారు లెక్కలోనూ అంతే. పని అయిపోయి, బిల్లు ట్రెజరీకి పోయి, టోకెన్ నంబర్ పడినా పైసలు రాని సందర్భాలు ఉంటాయి. 2024 జనవరి ఆఖరుతో పదవీకాలం ముగిసిన సర్పంచులు పెండింగ్ బిల్లుల కోసం రోడ్డెక్కింది మూడో దశకు, నాలుగో దశకు మధ్య ఇరుక్కునే.

అందుకే ‘ఇంత కేటాయించాం’ అని ఎవరైనా చెప్పినప్పుడు వెంటనే అడగాల్సిన ప్రశ్న, ‘అందులో చెల్లించింది ఎంత?’ రాష్ట్రం మొత్తం మీద దీనికి కొంత జవాబు దొరుకుతుంది. కాగ్ ప్రతి నెలా రాష్ట్రాల రాబడి, ఖర్చుల ముఖ్య సూచికలను తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. అవి ఆడిట్ కాని లెక్కలే అయినా, సంవత్సరం మధ్యలో పరిస్థితి ఏంటో చెప్తాయి. కానీ అందులో కోరుట్ల ఉండదు, సిరిసిల్ల ఉండదు.

చట్టం ఇరవై ఏళ్ల కిందే చెప్పింది

సమాచార హక్కు చట్టం అనగానే మనకు దరఖాస్తు గుర్తుకొస్తుంది. నిజానికి 2005 నాటి ఆ చట్టంలో దరఖాస్తు కంటే ముందు వచ్చేది సెక్షన్ 4. ఎవరూ అడగకముందే ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తానే సమాచారం బయటపెట్టాలని అది చెప్తుంది. సెక్షన్ 4(1)(బి)లోని అంశాల్లో ఆ ఆఫీసు బడ్జెట్, ప్లాన్లు, ప్రతిపాదిత ఖర్చు, చేసిన చెల్లింపుల నివేదికలు ఉన్నాయి. సబ్సిడీ పథకాలు ఎలా అమలు చేస్తున్నారు, ఎంత కేటాయించారు, లబ్ధిదారులు ఎవరు అనేదీ ఉంది. జనం దరఖాస్తు పెట్టాల్సిన అవసరం వీలైనంత తగ్గాలన్నదే ఈ సెక్షన్ ఉద్దేశం. స్థానిక భాషను దృష్టిలో పెట్టుకుని సమాచారం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. తెలంగాణలో తెలుగుతో పాటు ఉర్దూ కూడా అధికార భాషే. 2017లో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా వచ్చింది.

చట్టం ఉన్నా అమలు విషయంలో కోర్టు చెప్పాల్సి వచ్చింది. దళితబంధు పథకం ఉత్తర్వులు బయటకు రాలేదన్న పిటిషన్ మీద 2021 ఆగస్టులో తెలంగాణ హైకోర్టు, జీవోలు జారీ అయిన 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని ఆదేశించింది. అదే నెలలో పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ప్రభుత్వం జీవోల వెబ్‌సైట్‌లో జీవోలు పెట్టడం ఆపేసింది. మూడేళ్ల తర్వాత, 2024లో, కొత్త ప్రభుత్వం ఆ సైట్‌ను మళ్లీ మొదలుపెట్టింది. అంటే ఇది టెక్నాలజీ సమస్య కాదు. తెరవాలనుకుంటే తెరుచుకుంటుంది, మూయాలనుకుంటే మూతపడుతుంది.

గ్రామాల లెక్క ఫోన్‌లో ఉంది

ఒక మంచి సంగతి ఏంటంటే, ఈ విషయంలో పట్టణాల కంటే గ్రామాలే కొంత ముందున్నాయి. కేంద్రం 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ ప్రారంభించింది. రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటూ పోతే, ఆ పంచాయతీ ఆ ఏడాది పెట్టుకున్న పనుల ప్లాన్, వచ్చిన నిధులు, చేసిన చెల్లింపులు కనిపిస్తాయి. కోరుట్ల మండలంలోని ఐలాపూర్ అయినా, పైడిమడుగు అయినా ఇదే దారి.

చూసేటప్పుడు ఒక సూత్రం గుర్తుంటే చాలు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలి. మిగతా 40 శాతం గ్రామం అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం కాదు. మీ ఊరి చెల్లింపుల్లో నీళ్లు, మోరీల పనులు ఎంతున్నాయో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఇంకో విషయం, ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఈ నిధులు రావు. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా రాష్ట్రంలో పంచాయతీలు ప్రత్యేక అధికారుల కింద ఉన్నాయి. ఆ కాలం లెక్కలు చూసేవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి.

పట్టణంలో వార్డు లెక్క ఏది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ మున్సిపాలిటీలు. ఇంటి పన్ను ఎంత కట్టాలో ఫోన్‌లో నిమిషంలో తెలిసిపోతుంది. కట్టిన పన్నుతో ఏ వార్డులో ఏ మోరీ కట్టారో అంత తేలిగ్గా దొరకాలి కదా? పన్ను తీసుకునే వైపు ఆన్‌లైన్ ఎంత సాఫీగా ఉందో, ఖర్చు చూపించే వైపు కూడా అంతే సాఫీగా ఉండాలి.

2019 మున్సిపాలిటీల చట్టం రెండు సౌకర్యాలు ఇచ్చింది. మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం గ్రీన్ బడ్జెట్‌గా పచ్చదనానికి పెట్టాలి. ప్రతి వార్డుకు యువకులు, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలి. మన వార్డు కమిటీల్లో ఎవరున్నారు, గ్రీన్ బడ్జెట్‌తో ఎన్ని మొక్కలు ఎక్కడ పెట్టారు అని అడగడానికి ఈ చట్టమే ఆధారం.

షాదీ ముబారక్: నంబర్ ఒక్కటే చాలదు

2014 అక్టోబర్ 2న రూ.51 వేలతో మొదలైన షాదీ ముబారక్ 2017లో రూ.75,116కు, 2018లో రూ.1,00,116కు పెరిగింది. దరఖాస్తు ఈ-పాస్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. తహసీల్దార్ పరిశీలన, ఎమ్మెల్యే ఆమోదం అయ్యాక బిల్లు ట్రెజరీకి పోతుంది. దరఖాస్తు ఏ దశలో ఉందో సైట్‌లో చూసుకోవచ్చు. ఇది మంచి ఏర్పాటే.

కానీ ‘పెండింగ్’ అన్న మాట చూస్తే సమాధానం దొరికినట్టు కాదు. కాగితం తప్పు వల్ల ఆగిందా, బడ్జెట్ విడుదల కాక ఆగిందా? మొదటిదైతే తల్లి తహసీల్ ఆఫీసుకు పోవాలి. రెండోదైతే ఎక్కడికి పోయినా లాభం లేదు, ఎవరికి పైసలిచ్చినా దండగే. మండలం వారీగా వచ్చిన దరఖాస్తులు, విడుదలైన మొత్తం, ఏ తేదీ దాకా చెల్లించారన్నది నెలకోసారి పెడితే చాలు. ‘నేను చూసుకుంటా, ఐదు వేలివ్వు’ అనేవాడికి పని ఉండదు.

సిరిసిల్ల: బిల్లు ఎక్కడ ఆగిందో సాంచా కార్మికుడికి తెలియాలి

సిరిసిల్లలో ఈ లెక్క నేరుగా కూలి లెక్క. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టాక ఈ పట్టణంలో మరమగ్గాలకు అదే పెద్ద ఆర్డర్ అయింది. 2024లో ఆ పథకం ఆగింది. అదే ఏడాది పాత బకాయిలు చెల్లించాలని వస్త్ర పరిశ్రమ ఆందోళనకు దిగింది. 2025లో ఇందిరా మహిళా శక్తి చీరల పేరుతో మళ్లీ ఆర్డర్ వచ్చింది.

ఇక్కడ పైసా ప్రయాణం పొడుగు. ప్రభుత్వం నుంచి టెస్కోకు, అక్కడి నుంచి సొసైటీలు, యూనిట్లకు, వాళ్ల నుంచి ఆసామికి, చివరికి సాంచా నడిపే కార్మికుడికి. మధ్యలో ఎక్కడ ఆగినా చివరివాడికి వినిపించేది ఒకే మాట, ‘పై నుంచి రాలేదు’. ఏ యూనిట్ నుంచి ఎన్ని మీటర్ల బట్ట తీసుకున్నారు, ఏ తేదీన ఎంత చెల్లించారన్నది తెలుగులో ఆన్‌లైన్‌లో ఉంటే ఆ మాట నిజమో కాదో కార్మికుడే చూసుకుంటాడు. నిజాయితీగా నడిచే యజమానికి కూడా అదే రక్షణ.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. బ్రిటన్‌లో కేంద్ర ప్రభుత్వ శాఖలు 25 వేల పౌండ్లు దాటిన ప్రతి చెల్లింపును 2010 నుంచి ప్రచురిస్తున్నాయి. అమెరికాలో ప్రభుత్వ ఖర్చుల వెబ్‌సైట్ 2007లోనే వచ్చింది. అంత దూరం ఎందుకు, రాజస్థాన్ 2019లో జన్ సూచన పోర్టల్ పెట్టి రేషన్, పింఛన్ లాంటి పథకాల వివరాలను వార్డు, పంచాయతీ స్థాయిలో అందరికీ తెరిచింది.

పెట్టడమే కాదు, చదివి వినిపించాలి

ఈ విషయంలో మన దగ్గరే ఒక పాఠం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ చేయించింది. మస్టర్ రోల్ పట్టుకుని ఇంటింటికీ పోయి, ‘నీ పేరు మీద ఇన్ని రోజుల కూలి రాశారు, నీకు ముట్టిందా?’ అని అడిగేవాళ్లు. తర్వాత ప్రజావేదికలో అందరి ముందు చదివేవాళ్లు. కంప్యూటర్‌లో ఉన్న పేరు మనిషి చెవిన పడ్డాకే దొంగ పేర్లు బయటపడ్డాయి. వెబ్‌సైట్ ఒక్కటే చాలదు, దాన్ని గ్రామసభలో, వార్డు సభలో, బస్తీలో నలుగురి ముందు చదివేవాళ్లు కావాలి.

ఒక జాగ్రత్త కూడా అవసరం. ఖర్చు బయటపెట్టడం అంటే పేదల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఫోన్ నంబర్లు బయటపెట్టడం కాదు. అయితే వ్యక్తిగత సమాచారం పేరు చెప్పి మొత్తం లెక్కే దాచడం కూడా సరికాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ను మార్చింది. అందుకే ఈ తేడా ఇప్పుడు మరింత ముఖ్యం. మండలానికి ఎంత, ఎందరికి, ఏ తేదీన అన్నది ఎవరి వ్యక్తిగత సమాచారమూ కాదు.

మనం ఏం చేయొచ్చు?

ఆన్‌లైన్‌లో దొరకని లెక్కకు దరఖాస్తు ఉండనే ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుల్లో ఫీజు లేదు. మండల స్థాయిలో రూ.5, ఆ పైన రూ.10. దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే శాఖలో మొదటి అప్పీల్, తర్వాత రాష్ట్ర సమాచార కమిషన్. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లు లేక ఆ తలుపు మూసే ఉంది. ఇప్పుడు తెరిచి ఉంది.

దరఖాస్తులో ‘నిధుల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే పనికిరాని కాగితాలు వస్తాయి. ఇలా రాయండి: ‘ఫలానా పథకం కింద ఫలానా మండలానికి ఈ ఆర్థిక సంవత్సరంలో కేటాయించింది ఎంత, విడుదలైంది ఎంత, పెండింగ్ బిల్లులు ఎంత, చెల్లించింది ఎంత? నెలవారీగా ఇవ్వండి. సెక్షన్ 4(1)(బి) కింద ఈ వివరాలు ఏ వెబ్‌సైట్‌లో ఉన్నాయో చెప్పండి.’ చివరి వాక్యం మర్చిపోవద్దు. మీ ఒక్కరికి జవాబు ఇవ్వడం వేరు, అందరికీ కనబడేలా పెట్టడం వేరు. రెండోది జరిగితే, ఆ తర్వాత వచ్చే తల్లి దరఖాస్తు రాయాల్సిన పనే ఉండదు.