స్కానులో తెల్లమచ్చ... తలరాత కాదు!

ఎలమంచిలి: ఉన్నట్టుండి ఒక కన్ను మసకబారుతుంది. కొన్ని వారాల్లో చూపు దానంతటదే కుదుటపడుతుంది. ఏడాదికో, రెండేళ్లకో కాళ్లు తిమ్మిరెక్కి నడక తూలుతుంది. చివరకు రైలెక్కి విశాఖ కేజీహెచ్‌కో, ప్రైవేటు ఆసుపత్రికో వెళితే ఎం.ఆర్.ఐ. స్కాను తీయిస్తారు. నల్లటి ఫిలింలతో ఇల్లు చేరాక అసలు దిగులు మొదలవుతుంది. మెదడులో తెల్లమచ్చలున్నాయట!

ఇది మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు కావచ్చు. పొలంలో మోటారు తీగకు తొడుగు ఉన్నట్టే మెదడు, వెన్నుపాములోని నరాలకూ మైలిన్ అనే తొడుగు ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే దారితప్పి దాన్ని పాడుచేస్తాయి. తొడుగు చెడినచోటే ఫిలింలో మచ్చ. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో ఈ జబ్బును వివరించిన నాటికి మచ్చలు చూడాలంటే చనిపోయినవారి మెదడు కోయాల్సిందే. 1980 దశకంలో ఎం.ఆర్.ఐ. వచ్చాక బతికుండగానే స్పష్టంగా చూడగలుగుతున్నారు.

అన్ని మచ్చలూ ఒకటి కావు

రక్తపోటు, చక్కెర జబ్బు, పార్శ్వపు తలనొప్పి, వయసు... వీటివల్లా మెదడులో మచ్చలు కనిపిస్తాయి. క్షయ కూడా మచ్చ చూపవచ్చు. అందుకే వైద్యులు మచ్చ ఎక్కడుంది, ఎప్పటిది అని చూస్తారు. నరానికి గెడోలినియం మందు ఎక్కించి స్కాను తీస్తే కొత్త మచ్చ వెలుగుతుంది. పాతది వెలగదు.

మచ్చల లెక్కనుబట్టి బాధను కొలవలేం. మెదడులో పది మచ్చలున్నా చక్కగా నడిచేవారున్నారు. వెన్నుపాములో ఒక్క మచ్చే కాళ్లు పడిపోయేలా చేయవచ్చు. 'కొత్త మచ్చలు లేవు' అని రాస్తే జబ్బు పోయిందని కాదు, ప్రస్తుతానికి అదుపులో ఉందని. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గించే మందులున్నాయి. ఒంట్లో బాగుందని వాటిని సొంతంగా మానేస్తే లోపల చప్పుడు లేకుండా కొత్త మచ్చలు పుట్టవచ్చు.

పాత ఫిలింలు పారేయొద్దు

కొత్త స్కానును పాతదాని పక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. కొత్త మచ్చలున్నాయా, వెలుగుతున్నాయా, మందు మార్చాలా అని వైద్యుణ్ణి అడగాలి. ఇది అయస్కాంతంతో తీసే స్కాను. గుండెకు పేస్‌మేకర్, ఒంట్లో ఇనుప ముక్కలు ఉంటే ముందే చెప్పాలి. గర్భం, కిడ్నీ జబ్బు సంగతీ దాచకూడదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఈ జబ్బూ ఉంది. సదరం ధ్రువపత్రం కోసం వెళ్లేవారు ఫిలింలు, రిపోర్టులు, చికిత్స కాగితాలన్నీ వెంట తీసుకెళ్లాలి. అక్కడ కొలిచేది ఫిలింలో మచ్చలను కాదు, మనిషి ఎంత అశక్తుడయ్యాడన్నదే.