బొమ్మల చిత్రము: మనసులోని తుపాను, చేతిలోని లెక్క

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరితోటలు నేలకొరిగినవి. హరిశ్చంద్రపురపు యువకుడొకడు ఆ రాత్రిని 4 నిమిషముల బొమ్మల చిత్రముగా తీయ సంకల్పించెననుకొందము. అతని మనస్సులో వేయి చెట్లు ఊగుచున్నవి. చేతిలో నున్నవి ఒక బల్ల, ఒక కెమెరా, స్వల్పమైన ధనము.

ముందుగా లెక్క చూతము. చలనచిత్రమున సెకనుకు 24 ఫ్రేములు నడచును. 4 నిమిషములకు 5,760. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినను కంటికి కదలిక తెగదు. అయినను 2,880 బొమ్మలు కావలెను. దినమునకు 12 గీచినచో 240 దినములు పట్టును. ఇక వేయి చెట్ల మాట చెప్పనేల?

అట్లని కల్పనను చంపుకొన నక్కరలేదు. మన తోలుబొమ్మకు ముఖము కదలదు. ఆ లోటును చేతుల విసురు, ఆడించువాని గొంతు, మద్దెల పూరించును. జర్మనీలో లొట్టె రైనిగర్ అను కళావతి నల్లని కత్తిరింపు బొమ్మలతో తీసిన ‘ప్రిన్స్ అహ్మద్ సాహసములు’ 1926లో వెలువడినది. ప్రతి కదలికకు క్రొత్త బొమ్మ గీయక, కీళ్లను కొంచెము కొంచెము జరుపుచు ఆమె ఫోటోలు తీసినది. ముఖకవళికలు వదలుకొని, మెడ వంపులో, వ్రేళ్ల కదలికలో భావము పలికించినది.

రేడియోవారికి ఈ కిటుకు క్రొత్త కాదు. సముద్రమును స్టూడియోలోనికి తేలేము. పూర్వము పలుచని రేకును ఊపియే ఉరుము పుట్టించెడివారు. మన యువకుడును తుపానును చీకటి తెరపై గాలిహోరుతో, రెపరెపలాడు లాంతరుతో చూపవచ్చును. తెల్లవారిన పిదప కూలిన తోటకు ఒక్క నిశ్చలచిత్రము చాలును. కెమెరా దానిపై మెల్లగా సాగవలెను.

అట్లు మిగిలిన శ్రమను ఎచట వెచ్చించవలెను? ముసలి రైతు తాను నాటిన చెట్టు మొదలును తడవి, చేయి వెనుకకు తీసికొను 6 సెకనులకు. అచట 72 బొమ్మలు చాలకున్నచో 144 గీయవలసినదే.

ఈ నిర్ణయము ఆరంభముననే జరుగవలెను. కథనంతను చిన్న కాగితములపై ముతకగా గీచి, ధ్వనితో కలిపి ఒకసారి చూచుకొనవలెను. అప్పుడు తొలగించిన దృశ్యమునకు నష్టము కాగితపు ముక్క. తరువాత తొలగించినచో నెలదినముల కష్టము.

ఆ రాత్రిని అనుభవించిన ఉద్దానమువారు ఎన్ని చెట్లు గీచితివని అడుగరు. ఆ చేయి తమ ఇంటి పెద్దవాని చేయివలె నున్నదా యని చూతురు.