కతోలిక దివ్యసంస్కారాలు - సృష్టి సంరక్షణ

కతోలిక క్రైస్తవ దైవశాస్త్రంలో దివ్యసంస్కారాలకు, సృష్టి సంరక్షణకు మధ్య సన్నిహిత సంబంధం ఉంది. నీరు, నూనె, గోధుమ అప్పం, ద్రాక్షారసం, మైనం, నిప్పు వంటి పదార్థాలు కతోలిక శ్రీసభ ఆరాధనలో నిత్యం వినియోగింపబడుతున్నాయి. దేవుడు తన కృపను మనుషులకు అందించడానికి ఎన్నుకున్న వాహకాలు ఇవేనని ఆ సంఘం విశ్వసిస్తుంది. కాబట్టి వాటికి పుట్టినిల్లయిన నేలను, నీటిని పాడుచేయడం ఆరాధన అర్థానికే విరుద్ధమని ఈ దైవశాస్త్రం బోధిస్తుంది. ఈ ఆలోచనకు మూలాలు క్రీ.శ. 2వ శతాబ్దంలోనే ఉన్నా, పర్యావరణ సమస్య తీవ్రమైన 20వ శతాబ్దం చివరి భాగంలో ఇది స్పష్టమైన రూపం సంతరించుకుంది. పోపు ఫ్రాన్సిస్ 2015లో వెలువరించిన "లౌదాతో సి" అనే విశ్వలేఖలో దీనికి విస్తృతమైన వివరణ లభించింది.

పదాల వివరణ

దైవార్చన: శ్రీసభ అధికారికంగా, సామూహికంగా జరిపే ఆరాధన. దివ్యబలిపూజ, సంస్కారాల నిర్వహణ, రోజులో నియమిత వేళలలో చేసే ప్రార్థనలు దీని కిందికి వస్తాయి. వ్యక్తి ఇంటివద్ద ఒంటరిగా చేసుకునే ప్రార్థన దీనిలో చేరదు.

దివ్యసంస్కారం: కంటికి కనిపించే గుర్తు ద్వారా కనిపించని దైవకృపను అందించే క్రియ. పదార్థానికి వాక్కు తోడైనప్పుడు అది సంస్కారమవుతుందని అగస్టీన్ (354-430) వివరించాడు. సంస్కారాలు ఏడు అని 1547లో ట్రెంట్ మహాసభ నిర్ధారించింది.

సృష్టి: ప్రకృతి, సృష్టి అనే రెండు మాటలకు ఈ దైవశాస్త్రంలో భేదం ఉంది. పరిశీలించి, అర్థం చేసుకుని, అదుపులో పెట్టుకోదగిన వ్యవస్థను ప్రకృతి అంటారు. అదే ప్రకృతిని దేవుడిచ్చిన వరంగా చూసినప్పుడు సృష్టి అంటారు. వరంగా పొందినదానిని ఇష్టం వచ్చినట్లు పాడుచేసే హక్కు పొందినవారికి ఉండదు.

బైబిలు ఆధారాలు

బైబిలులోని మొదటి గ్రంథమైన ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు తాను సృజించినవన్నీ చూసి మంచివని ఎంచినట్లు ఉంది. అదే అధ్యాయం 28వ వచనంలో భూమిని లోబరచుకొమ్మని మనుషులకు ఆజ్ఞ కనిపిస్తుంది. రెండవ అధ్యాయం 15వ వచనంలో మాత్రం మనిషిని తోటలో ఉంచినది దానిని సాగుచేయడానికి, కాపాడడానికి అని ఉంది. ఈ రెండింటిని కలిపి చదవాలని, సాగుచేసే అధికారం కాపాడే బాధ్యతతో ముడిపడి ఉన్నదని కతోలిక వ్యాఖ్యాతలు చెబుతారు.

వారానికి ఒక రోజు విశ్రాంతి నియమం కూడా ఈ సందర్భంలో ముఖ్యమైనది. నిర్గమకాండం 23వ అధ్యాయం ప్రకారం ఆ విశ్రాంతి యజమానికి మాత్రమే కాదు, అతని ఎద్దుకు, గాడిదకు, దాసికి పుట్టిన బిడ్డకు, పరదేశికి కూడా వర్తిస్తుంది. ప్రతి ఏడవ సంవత్సరం పొలాన్ని బీడుగా వదలాలని కూడా ఆ అధ్యాయమే చెబుతుంది. అంటే ఆరాధనా దినం, శ్రామికుల హక్కు, నేలకు విశ్రాంతి అనే మూడూ ఒకే ధర్మంలో భాగాలుగా ఉన్నాయి.

సంస్కారాలలో వాడే పదార్థాలు

మధ్యయుగ పండితులు సంస్కారంలో రెండు అంశాలను గుర్తించారు. ఒకటి పదార్థం, రెండవది దానితోపాటు ఉచ్చరించే వాక్యం. 1439లో ఫ్లోరెన్స్ మహాసభ ఈ విభజనను, దానితోపాటు నిర్వహించే వ్యక్తికి ఉండవలసిన సంకల్పాన్ని పేర్కొన్నది. ఏడు సంస్కారాలు, వాటిలో ప్రధానంగా కనిపించే గుర్తులు ఇవి:

- జ్ఞానస్నానం: సహజమైన నీరు. ముంచడం ద్వారా గాని, తలపై పోయడం ద్వారా గాని ఇస్తారు.
- భద్రమైన అభ్యంగనం: సుగంధ ద్రవ్యం కలిపిన పవిత్ర తైలం.
- దివ్యసత్ప్రసాదం: గోధుమ అప్పం, ద్రాక్షపండ్ల నుండి తీసిన రసం.
- పాపసంకీర్తనం: దీనిలో ప్రకృతి పదార్థం లేదు. పశ్చాత్తాపం, పాపాలు ఒప్పుకోవడం, ప్రాయశ్చిత్తం అనేవే పదార్థ స్థానంలో ఉంటాయి.
- అవస్థ అభ్యంగనం: వ్యాధిగ్రస్తులకు పూసే తైలం.
- గురుపట్టం: పీఠాధిపతి తలపై చేతులుంచడం.
- జ్ఞానవివాహం: వధూవరుల పరస్పర అంగీకారం.

దీనినిబట్టి ఏడింటికీ ప్రకృతి పదార్థం ఆధారం కాదని స్పష్టమవుతుంది. అయితే మిగిలిన వాటిలోనూ మనిషి గొంతు, చేయి, శరీరం అవసరం. దేహాన్ని పక్కనపెట్టి కేవలం ఆలోచనతో జరిపే సంస్కారం ఏదీ లేదు.

పదార్థం స్వచ్ఛత విషయంలో శ్రీసభ నియమాలు కచ్చితంగా ఉంటాయి. 1983నాటి శ్రీసభ ధర్మశాస్త్రంలోని 924వ నియమం ప్రకారం అప్పం కేవలం గోధుమతో, చెడిపోకుండా ఇటీవల చేసినదై ఉండాలి. ద్రాక్షారసం సహజమైనదై, పాడుకానిదై ఉండాలి. ఈ నియమాల ఉద్దేశం పర్యావరణ రక్షణ కాదు. కాని దేవునికి అర్పించే అప్పం చెడిపోకూడదని ఇంత పట్టింపు ఉన్నప్పుడు, ఆ గోధుమ పండే నేల చెడిపోతే పట్టనట్లు ఉండడం ఎలా కుదురుతుందని నేటి దైవశాస్త్రజ్ఞులు ప్రశ్నిస్తున్నారు.

చారిత్రక నేపథ్యం

క్రీ.శ. 2వ శతాబ్దంలో జ్ఞానవాదులు అనే వర్గాలవారు భౌతిక పదార్థం నీచమైనదని, దానిని సృజించినవాడు పరమదేవుడు కాడని బోధించారు. లియోన్ నగర పీఠాధిపతి ఇరేనియస్ ఈ వాదాన్ని ఖండిస్తూ సత్ప్రసాదాన్నే ప్రమాణంగా చూపాడు. పదార్థం చెడ్డదైతే భూమిలో పండిన గోధుమను, ద్రాక్షను దేవునికి అర్పించడం అర్థరహితమవుతుందని అతని తర్కం. సంస్కారాల ఆధారంగా సృష్టి మంచితనాన్ని సమర్థించిన తొలి రచయితలలో ఇరేనియస్ ముఖ్యుడు.

8వ శతాబ్దంలో పవిత్ర చిత్రాల పట్ల గౌరవం విగ్రహారాధన అవుతుందా అన్న వివాదం చెలరేగింది. దేవుడే మానవ శరీరం ధరించిన తరువాత పదార్థాన్ని తృణీకరించడం తగదని దమస్కు యోహాను వాదించాడు. పదార్థాన్ని గౌరవించడం వేరు, దానినే దేవుడని పూజించడం వేరు అన్న భేదాన్ని అతడు స్పష్టం చేశాడు. సృష్టి సంరక్షణ చర్చలో ఈ భేదం నేటికీ ఉపయోగపడుతున్నది.

అస్సిసి ఫ్రాన్సిస్ (మరణం 1226) సూర్యచంద్రులను, నీటిని, నిప్పును, భూమిని తోబుట్టువులుగా సంబోధిస్తూ ఒక కీర్తన రచించాడు. 1979లో పోపు రెండవ జాన్ పాల్ అతనిని పర్యావరణ పాలకునిగా ప్రకటించాడు.

ఆరాధనా సంవత్సరంలో ప్రకృతి

ఈస్టరుకు ముందు రాత్రి జరిగే పాస్కా జాగరణ ఈ సంబంధాన్ని అన్నింటికంటే స్పష్టంగా చూపుతుంది. చీకటిలో కొత్త నిప్పు రాజేసి, దానితో పెద్ద మైనపు వత్తిని వెలిగిస్తారు. అప్పుడు పాడే స్తోత్రంలో ఆ మైనాన్ని తయారుచేసిన తేనెటీగల ప్రస్తావన ఉంటుంది. ఆదికాండంలోని సృష్టి వృత్తాంతం చదువుతారు. ఆ తరువాత నీటిని ఆశీర్వదించి జ్ఞానస్నానాలు ఇస్తారు.

పంటలతో సంబంధమున్న ఆచారాలు కూడా పూర్వం విరివిగా ఉండేవి. 5వ శతాబ్దంలో ప్రస్తుత ఫ్రాన్సులోని వియెన్ పీఠాధిపతి మమెర్తుస్ విపత్తుల నివారణ కోసం ప్రార్థనా ఊరేగింపులు ప్రారంభించాడు. క్రమంగా ఇవి ఐరోపా గ్రామాలలో పొలాల మధ్యగా నడుస్తూ పంటను ఆశీర్వదించే ఆచారంగా స్థిరపడ్డాయి. 1969లో ఆరాధనా పంచాంగం సంస్కరించినప్పుడు ఈ దినాల నిర్ణయం ఆయా దేశాల పీఠాధిపతుల మండలులకు వదిలివేయబడింది. ఫలితంగా చాలాచోట్ల ఇవి మరుగునపడ్డాయి.

లిన్ వైట్ విమర్శ

అమెరికా చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో "సైన్స్" పత్రికలో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. ప్రకృతి మనిషి వినియోగం కోసమే ఉన్నదన్న పాశ్చాత్య క్రైస్తవ భావన పర్యావరణ సంక్షోభానికి మూలకారణాలలో ఒకటని అతని ఆరోపణ. అయితే అదే వ్యాసంలో అస్సిసి ఫ్రాన్సిస్‌ను ఒక ప్రత్యామ్నాయంగా కూడా చూపాడు.

ఈ విమర్శను కతోలిక రచయితలు పూర్తిగా అంగీకరించలేదు, పూర్తిగా తోసిపుచ్చనూ లేదు. క్రైస్తవులు కొన్ని సందర్భాలలో లేఖనాలను తప్పుగా అర్థం చేసుకున్నారని "లౌదాతో సి" ఒప్పుకుంటుంది. భూమిపై నిరంకుశాధికారం బైబిలు ఉద్దేశం కాదని కూడా అది స్పష్టం చేస్తుంది. చిత్రమేమిటంటే పదార్థాన్ని ఇంతగా గౌరవించే ఆరాధన శతాబ్దాలుగా జరుగుతున్నా, ఆ గౌరవం దేవాలయ ప్రాంగణం దాటి పొలాలకు, నదులకు చేరలేదు. ఈ అంతరాన్ని పూడ్చడమే నేటి దైవశాస్త్రం ముందున్న పని.

ఆధునిక బోధనలు

రెండవ వాటికన్ మహాసభ 1963లో దైవార్చనపై రాజ్యాంగాన్ని ఆమోదించింది. శ్రీసభ కార్యకలాపాలన్నింటికి దైవార్చనే శిఖరమని, దాని శక్తికంతటికీ అదే ఊటబావి అని ఆ పత్రం పేర్కొన్నది. పర్యావరణం దానిలో ప్రత్యేక విషయం కాదు. తరువాతి పోపులు ఈ లోటును క్రమంగా పూరించారు.

- 1990: రెండవ జాన్ పాల్ జనవరి 1నాటి ప్రపంచ శాంతి దిన సందేశాన్ని సృష్టితో సమాధానం అనే విషయానికి కేటాయించాడు.
- 2007: పదహారవ బెనెడిక్ట్ సత్ప్రసాదంపై రాసిన ఉపదేశంలో, అర్పణ సమయపు ప్రార్థన భూమి పంటను, మానవ శ్రమను కలిపి స్మరిస్తుందని గుర్తుచేసి, దానినుండి సృష్టి పట్ల బాధ్యతను వివరించాడు.
- 2015: ఫ్రాన్సిస్ "లౌదాతో సి" వెలువరించాడు. దీనిలోని 233 నుండి 237 వరకు గల పేరాలు సంస్కారాలకు, విశ్రాంతి దినానికి సంబంధించినవి. అదే ఏడాది సెప్టెంబరు 1ని సృష్టి సంరక్షణ ప్రార్థనా దినంగా ప్రకటించాడు. ఆర్థడాక్స్ సంఘం 1989 నుండే ఈ దినాన్ని పాటిస్తున్నది.
- 2023: ఫ్రాన్సిస్ వాతావరణ సంక్షోభంపై "లౌదాతే దేవుమ్" అనే ఉపదేశం వెలువరించాడు.
- 2025: ఫ్రాన్సిస్ ఏప్రిల్ 21న మరణించాడు. మే నెలలో ఎన్నికైన పద్నాలుగవ లియో పాలనలో సృష్టి సంరక్షణ కోసం ప్రత్యేక పూజా ప్రార్థనలు రోమను పూజాగ్రంథంలో చేర్చబడ్డాయి. జూలై 9న కాస్తెల్ గాందోల్ఫోలో ఆయన ఈ ప్రార్థనలతో పూజ జరిపాడు.

పర్యావరణ రక్షణ అంతవరకు ప్రధానంగా నీతిబోధ విషయంగా ఉండేది. పూజాగ్రంథంలో స్థానం లభించడంతో అది ప్రార్థన విషయం కూడా అయింది.

గోధుమ, ద్రాక్షలపై చర్చ

గోధుమ, ద్రాక్ష మధ్యధరా సముద్ర ప్రాంతపు పంటలు. వరి, జొన్న, కర్రపెండలం తిని బ్రతికే ప్రజలు తమ నేలలో పండినదానిని అర్పించకూడదా అన్న ప్రశ్న ఆసియా, ఆఫ్రికా దైవశాస్త్రజ్ఞులు లేవనెత్తారు. క్రీస్తు కడరా భోజనంలో ఉపయోగించిన పదార్థాలను మార్చే అధికారం తనకు లేదని శ్రీసభ సమాధానం. 2017లో వాటికన్ పంపిన లేఖ గ్లూటెన్ పూర్తిగా తీసివేసిన అప్పం చెల్లదని పునరుద్ఘాటించింది. జన్యుమార్పిడి పంటతో చేసినది చెల్లుతుందని కూడా పేర్కొన్నది.

నూనె విషయంలో మాత్రం మార్పు వచ్చింది. అవస్థ అభ్యంగనానికి పూర్వం ఆలివు నూనె తప్పనిసరి. ఆలివు దొరకని ప్రాంతాలలో ఇతర మొక్కల నుండి తీసిన నూనె వాడవచ్చని పోపు ఆరవ పౌల్ 1972లో అనుమతించాడు.

భారతదేశంలో

1969లో భారత పీఠాధిపతుల విజ్ఞప్తిపై వాటికన్ 12 అంశాలకు అనుమతినిచ్చింది. నేలపై కూర్చోవడం, పంచాంగ ప్రణామం, కొవ్వొత్తులకు బదులు నూనె దీపాలు, పూలతో, ధూపదీపాలతో ఆరతి వీటిలో కొన్ని. వీటిని అమలుచేసే నిర్ణయం స్థానిక అధికారులకు వదిలివేయబడింది. ఇవి హిందూ ఆచారాలని కొందరు కతోలికులు వ్యతిరేకించగా, ఈ నేలకు చెందిన పూలకు, దీపానికి ఆరాధనలో చోటు దక్కిందని మరికొందరు స్వాగతించారు.

రెండవ వాటికన్ మహాసభ తరువాత తెలుగు ప్రాంతాలలో పూజ లాటిను నుండి తెలుగులోకి మారింది. దానితో అర్పణ ప్రార్థనలోని భూమి, పంట, శ్రమ అనే మాటలు వ్యవసాయం చేసుకునే విశ్వాసులకు నేరుగా అర్థమయ్యాయి. అయితే వరి ప్రధానంగా పండే కోస్తా గ్రామాలలో రైతు ఎదుట పీఠంపై ఉండేది తన పొలంలో పండిన ధాన్యం కాదు. పైన చెప్పిన చర్చకు ఈ ప్రాంతంలోనూ అంతే ప్రాసంగికత ఉంది.

ప్రాముఖ్యత

ఈ దైవశాస్త్రం సృష్టిని దేవునితో సమానం చేయదు. అలాగని మనిషి వాడి పారవేసే వస్తువుగానూ చూడదు. నీటి ఉదాహరణతో దీనిని సులభంగా గ్రహించవచ్చు. జ్ఞానస్నానంలో నీరు జీవానికి, శుద్ధికి గుర్తు. పారిశ్రామిక వ్యర్థాలతో నిండిన నది ఒడ్డున నివసించేవారికి అదే నీరు వ్యాధికి, మరణానికి గుర్తుగా మారుతుంది. అప్పుడు సంస్కారం చెల్లుబాటు కాకపోదు, కాని ఆ గుర్తు చెప్పవలసిన అర్థం చెదిరిపోతుంది. సురక్షితమైన తాగునీరు ప్రతి మనిషికి ప్రాథమిక హక్కు అని "లౌదాతో సి" చెప్పడం వెనుక సామాజిక న్యాయంతోపాటు ఈ సంస్కార దృష్టి కూడా ఉంది. పేదల నీటిని పట్టించుకోకుండా పవిత్ర జలాన్ని గౌరవించడం సాధ్యం కాదన్నది దాని భావం.

ఇవి కూడా చూడండి

- కతోలిక శ్రీసభ
- రెండవ వాటికన్ మహాసభ
- అస్సిసి ఫ్రాన్సిస్
- పర్యావరణ పరిరక్షణ