ఎఱుకలవారి వంశస్మృతి: స్టూవర్టుపురము, రోమా జనులు

వంశచరిత్రమునకు సాధనములు వెదకువారు మొదట శాసనములను, కైఫీయతులను, కరణముల దండకవిలెలను ఆశ్రయింతురు. ఇవి యన్నియు ఒకచోట నిలిచి, భూమి కలిగి, పన్ను చెల్లించినవారికి సంబంధించినవి. గాడిదలపై ఉప్పు వేసికొని ఊరూర తిరిగిన జనుల పూర్వులు వీనియందు కానరారు. వారి పేర్లు కాగితమున కెక్కిన కాలము వేఱు. ఎక్కించిన చేయి వేఱు. బాపట్లకును చీరాలకును నడుమ రైలుమార్గముపై నున్న స్టూవర్టుపురమునందలి యెఱుకలవారి చరిత్రము దీనికి నిదర్శనము. ఆంగ్లేయులు జిప్సీలని పిలిచిన ఐరోపాఖండపు రోమా జనుల చరిత్రముతో దీనిని పోల్చి చూచినచో, పూర్వుల జాడ తీయు పద్ధతి యెట్లుండవలెనో, ఎట్లుండరాదో స్పష్టపడును.

తెలుగు సాహిత్యమునకు ఎఱుకలసాని క్రొత్తది కాదు. వేంకటాచలమాహాత్మ్య కథలో శ్రీనివాసుడు పద్మావతి నిమిత్తమై ఆకాశరాజు నింటికి ఎఱుక చెప్పు స్త్రీ వేషముననే వచ్చెను. కొరవంజి నాటకములందు సింగి, సింగడు ప్రసిద్ధపాత్రలు. అయినను ఆ సింగి పరుల యింటి భూతభవిష్యత్తులను చెప్పునే కాని తన యింటి కథ చెప్పదు. ఎఱుక చెప్పుటచే ఈ జాతికి ఆ పేరు కలిగినదని సామాన్యమైన వ్యుత్పత్తి. వారు మాత్రము తమలో తాము 'కుర్రు' అని చెప్పుకొందురు. ఏకలవ్యుడు తమ మూలపురుషుడని వారి నమ్మకము. గురుదక్షిణగా బొటనవ్రేలు కోల్పోయిన నిషాదకుమారుని పూర్వునిగా నెంచుకొనుట చరిత్రప్రమాణము కాకపోవచ్చును. కాని, విద్య యుండియు మన్నన పొందని జాతిగా వారు తమ్ము దాము ఎట్లు తలపోసికొనిరో అది తెలుపును.

పూర్వుల జాడకు మొదటి సాక్ష్యము భాష. రోమా జనులు ఈజిప్టునుండి వచ్చినవారని ఐరోపీయులు చిరకాలము నమ్మిరి. జిప్సీ యను పేరే ఆ భ్రమనుండి పుట్టినది. 1782 లో రూడిగర్, 1783 లో గ్రెల్మన్ అను జర్మను పండితులు వారి భాషను హిందూస్థానముతో పోల్చి, వారి మూలము భారతదేశమని చూపిరి. నీటిని పానీ యనియు, ముక్కును నాక్ అనియు, చెవిని కాన్ అనియు నేటికిని వారందురు. అయితే ఏడు, ఎనిమిది, తొమ్మిదులకు వారు వాడు ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా యను మాటలు గ్రీకు భాషవి. ఆ జనులు గ్రీకుదేశములందు దీర్ఘకాలము నివసించిరని ఏ గ్రంథమును చెప్పకున్నను ఆ లెక్క చెప్పగలదు. వారి పూర్వులు సుమారు 1,500 సంవత్సరములకు ముందు వాయవ్యభారతమునుండి కదలిరని 2012 లో ప్రకటింపబడిన జన్యుపరిశోధనయు తెలిపినది.

ఎఱుకలవారిని, లంబాడీలను ఆంగ్ల గ్రంథకర్తలు కొందఱు 'భారతదేశపు జిప్సీలు' అని యొక్క పేరున కలిపి వ్రాసిరి. ఇది జీవనరీతిని చూచి పెట్టిన పేరే కాని వంశమును చూచి పెట్టినది కాదు. లంబాడీ భాష ఉత్తరదేశపు ఆర్యభాషలలో చేరినది. రోమానీకి దూరపు చుట్టము మాత్రమే. ఎఱుకలవారి కుర్రు భాషయో ద్రావిడకుటుంబములోనిది, తమిళమునకు సమీపమైనది. ఇంటిలో ఆ భాష, వీథిలో తెలుగు మాటలాడుచు వారు తమ దక్షిణదేశసంబంధమును నిలుపుకొనిరి. కావున సంచారజీవనము పోలినంతమాత్రమున వంశము పోలినదనుట యుక్తము కాదు.

రెండవ సాక్ష్యము శాఖానామములు, వివాహసంబంధములు. సాతుపాడి, కావడి, మానపాడి, మేంద్రగుత్తి యని వీరిలో నాలుగు శాఖలు. ఇవి దేవుని సేవలోని పనులను బట్టి యేర్పడినవని వారి చెప్పుబడి: సాతుపాడివారు దేవు నలంకరించువారట, కావడివారు కావడి మోయువారట. వృత్తిని బట్టి ఉప్పు ఎఱుకల, కరివేపాకు ఎఱుకల, దబ్బ ఎఱుకల, కుంచె ఎఱుకల యను పేర్లు వేఱు. ఉప్పు మోసినవారు, కరివేపాకు అమ్మినవారు, వెదురుదబ్బలతో బుట్టలల్లినవారు, సాలెవారి మగ్గములకు కుంచెలు కట్టినవారు ఈ పేర్లయందు నిలిచియున్నారు. తాత వృత్తి మనుమని పేరులో దాగియుండుట యిదియే.

ఇక ఓలి. ఇంటిలో మొదటి యిద్దఱు ఆడపిల్లలను మేనమామ తన కొడుకులకు కోరవచ్చునని పూర్వాచారము. ఓలి యిరువది వరహాలైనచో అందు ఎనిమిది మేనమామ హక్కు క్రింద తగ్గి, ఆతడు పండ్రెండే చెల్లించునట్లు థర్‌స్టన్ తన 1909 నాటి గ్రంథమున సంగ్రహించెను. ఈ లెక్క తప్పకుండవలెనన్నచో ఎవరి తల్లి ఏ యింటి యాడపడుచో అందఱకును తెలిసియుండవలెను. కావున వ్రాతలేని యిండ్లలో ఓలియే ఒక విధమైన కవిలె.

మూడవ సాక్ష్యము ప్రభుత్వపు కాగితములు. వీనిని చదువుటయందే మిక్కిలి జాగ్రత్త వలయును. సముద్రతీరపు టుప్పును, ధాన్యమును పశువులపై మోసి మెట్టప్రాంతములకు చేర్చుట ఎఱుకలవారిలో అనేకుల జీవనాధారమై యుండెను. చినగంజాము మొదలగు తీరములందు ఉప్పుకొఠారు లుండగా ఆ వర్తకము సాగినది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున రైళ్లు వచ్చెను. ఉప్పుపై ప్రభుత్వపు కట్టుబాట్లు బిగిసెను. బ్రతుకు తెరువు పోయినవారిపై అనుమానము పెరిగెను. 1871 లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911 నాటి క్రొత్త చట్టముతో మద్రాసు రాజధానికిని వ్యాపించెను. ఒక్క మనుష్యుని నేరమును విచారింపక జాతినంతయు పట్టికలో చేర్చుట దీని లక్షణము. వ్రేలిముద్రలు తీసికొనుట, హాజరు పిలుచుట, చీటి లేక ఊరు దాటరాదనుట దీని విధానము.

ఆ విధానములోనే 1913 ప్రాంతమున రక్షణసైన్యమువారి యాజమాన్యమున ఒక సెటిల్మెంటు ఏర్పడెను. మద్రాసు ప్రభుత్వపు పెద్ద యుద్యోగి హెరాల్డు స్టూవర్టు పేర అది స్టూవర్టుపురమైనది. సీతానగరమునందును అట్టి సెటిల్మెంటు ఆ సంస్థచేత నడుపబడినది. కావలియందు అమెరికను బాప్టిస్టు మిషనువారు నడిపిరి. చట్టము మద్రాసు రాజధానిలో 1947 లోను, దేశమంతట 1952 ఆగస్టు 31 వ తేదీనాటికిని రద్దయినది. పట్టిక పోయినను పేరు పోలేదు. 'దొంగల యూరు' అను మాటను వార్తలు, చలనచిత్రములు నేటికిని మోయుచున్నవి. హేమలత, లవణముల సంస్కరణకృషి యీ మచ్చను తుడుచుట కుద్దేశింపబడినదే.

అందుచే, స్టూవర్టుపురపు బిడ్డ తన ముత్తాత పేరు వెదకినచో అది తఱచుగా నేరస్థుల పట్టికలోనే దొరకును. పట్టికలో పేరుండుట నేరమునకు సాక్ష్యము కాదు. జాతికి మాత్రమే సాక్ష్యము. పేరు, వయస్సు, తండ్రిపేరు, వచ్చిన యూరు, వీనిని గ్రహించి, గుణనిర్ణయమును విడువవలెను. తండ్రిని ఒకచోట, పిల్లలను వేఱొకచోట ఉంచిన సందర్భములందు ఆ పట్టికలే తెగిన సంబంధమును మరల కలుపుటకు పనికివచ్చును. చెన్నపురి దస్తావేజులందలి ప్రభుత్వపు టుత్తరువులు, రక్షణసైన్యమువారి లండను భాండాగారము, దేవాలయముల బాప్తిస్మపు పుస్తకములు ఇట్లే చదువదగినవి.

వంశవృక్షము ఎవరి చేత నుండవలెనను ప్రశ్నకు జర్మనీ కఠినమైన సమాధానము చెప్పినది. 1936 నుండి రాబర్టు రిట్టర్ అను వైద్యుడు బెర్లినునందు కార్యాలయము పెట్టి, రోమా కుటుంబముల నడిగి వేలకొలది వంశవృక్షములు కూర్చెను. తాతల పేర్లు నమ్మకముతో చెప్పినవారికి ఆ పట్టికలే ఉరిత్రాళ్లయినవి. సుమారు 23,000 మంది రోమాలు ఆషువిట్సు శిబిరమునకు చేర్చబడిరి. వారిలో అత్యధికులు అచటనే మరణించిరి. యుద్ధానంతరము ఆ జనులు తమ చరిత్రమును తమ చేతికే తీసికొనిరి. 1971 లో లండను సమీపమున ప్రథమ ప్రపంచ రోమా మహాసభ జరిగినది. అచట అంగీకరింపబడిన పతాకమున భారతదేశమును తలపించు చక్రము గలదు. 1991 లో బ్రిటనునందు రోమానీ కుటుంబచరిత్రసంఘమొకటి పుట్టి, పూర్వుల పేర్లను, ఇంటి జ్ఞాపకములను ఆ కుటుంబములవారే పంచుకొనుటకు దారి యేర్పఱచినది.

తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుశాఖ పొడవునను, బాపట్ల తీరమునను గల యెఱుకలవారికిని ఇట్టి ప్రయత్నము అవసరము. 2022 లో బాపట్ల జిల్లా వేఱై, రేపల్లె దానిలో చేరి, తెనాలి గుంటూరులోనే నిలిచినందున కాగితములు వెదకువారు రెండు జిల్లాల కచేరీలను చూడవలసియుండును. అంతకుముందు చేయవలసినది ఇంటనే కలదు. కుర్రు భాష మాటలాడు ముసలివారిని శాఖ, ఇంటిపేరు, మేనమామ యిల్లు, ఓలి, తిరిగిన బాటలు అడిగి, వారి మాటలలోనే వ్రాసికొనవలెను. ఆ వ్రాత మొదటి ప్రతి ఆ యింటనే యుండవలెను. ఇతరులకు చూపుట వారి యనుమతిపై నుండవలెను. పోలీసువారి పట్టికను దాని ప్రక్కన బెట్టి చూచినప్పుడు, ఒకే మనుష్యుడు ఒక కాగితములో అనుమానితుడుగను, వేఱొక కాగితములో ఉప్పు మోసి బిడ్డలను పెంచిన తాతగను కనబడును. రెండవ కాగితము వ్రాయబడనిచో మొదటిదే చరిత్రమై మిగులును.