షావుకారు పద్దు నుంచి బ్యాంకు నోటీసు దాకా

అప్పును వస్తువుగా తీసుకున్న కథలు మన సాహిత్యంలో తక్కువేమీ కాదు. షావుకారు, పద్దు పుస్తకం, వేలిముద్ర, జప్తుకు వచ్చిన అమీనా - వీటిని మన కథకులు బాగా ఎరుగుదురు. కాని గత పాతికేళ్లలో మనిషి ఇల్లు పోగొట్టుకునే పద్ధతి మారింది. ఆ మార్పును మన కథ ఇంకా సరిగా పట్టుకోలేదని నా అభిప్రాయం. రచయితలకు సానుభూతి లేక కాదు, ఆ యంత్రం నడిచే తీరు తెలియక. ఆ తీరును నాకు అర్థమైనంత మేరకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను పనిచేసే ఉట్నూర్ ప్రాంతానికి తనఖా కొత్త కాదు. ఇక్కడ దాన్ని ‘కుదువ’ అంటారు. గోండుల భూములు అప్పుల మీద షావుకార్ల చేతుల్లోకి ఎలా వెళ్లాయో 1940లలో హైమెండార్ఫ్ నమోదు చేశాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చిన పోరాటం వెనక ఉన్నది భూమి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులకు గురైన జనం అడిగిందీ ప్రధానంగా భూమే. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల వీటిలో మొదటి ఘట్టాన్ని సాహిత్యంలోకి తెచ్చింది.

ఆ చరిత్ర ఫలితమే భూబదలాయింపు నిబంధన. 1959లో ఆంధ్ర ఏజెన్సీ కోసం చేసిన దీన్ని 1963లో తెలంగాణకు వర్తింపజేశారు, 1970లో కట్టుదిట్టం చేశారు. ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనులకు, లేదా పూర్తిగా గిరిజనులతో ఏర్పడిన సంఘానికి తప్ప మరెవరికి బదిలీ చేసినా చెల్లదు. 1971లో ఒక మినహాయింపు చేర్చారు. ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకో, సహకార సంఘానికో భూమిని స్వాధీనం చేయకుండా తనఖా పెట్టవచ్చు. అయితే బాకీ కోసం వేలం వేసినప్పుడు కొనేవాడు గిరిజనుడే కావాలి. అంటే అప్పు పుట్టాలి, భూమి మాత్రం చేయి దాటకూడదు అన్నది చట్టం ఆలోచన. ఆచరణలో వచ్చే చిక్కేమిటంటే, స్వేచ్ఛగా అమ్ముకోలేని ఆస్తి మీద అప్పివ్వడానికి బ్యాంకుకు ఉత్సాహం ఉండదు. అప్పుడు మనిషి మళ్లీ ప్రైవేటు వడ్డీ గడపే తొక్కుతాడు. ఇది చూపించి చట్టాన్నే ఎత్తివేయమనేవాళ్లున్నారు. తలుపుకు గడియ ఉంది కాబట్టి గాలి ఆడడం లేదని తలుపునే పీకేయమనడం లాంటిది ఆ వాదన. తప్పు గడియది కాదు. అమ్మకపు విలువ ఒక్కటే హామీ అనుకునే రుణవిధానానిది.

ఇక ఏజెన్సీ బయటి పట్టణానికి వద్దాం. మా సహోపాధ్యాయుడొకరు ఆదిలాబాదులో ఇల్లు కట్టుకోవడానికి ఒక సంస్థ దగ్గర అప్పు తీసుకున్నాడు. ఎనిమిదేళ్లు క్రమం తప్పకుండా వాయిదాలు కట్టి, ఒకరోజు ఇంకా ఎన్నేళ్లు మిగిలాయని అడిగాడు. మొదట్లో చెప్పినదానికంటే ఎక్కువ ఏళ్లు మిగిలాయని తేలింది. ఎనిమిదేళ్లు నడిచినవాడికి ఊరు ఇంకా దూరమైంది.

ఇందులో మాయ లేదు, గణితం ఉంది. పది లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. నెల వాయిదా సుమారు 8,678 రూపాయలు. మొదటి నెల అందులో 7,083 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 1,595 మాత్రమే. ఇది మారే వడ్డీ. మొదట్లోనే అది 10 శాతమైందనుకోండి. వాయిదా పెంచకుండా గడువు పెంచితే 20 ఏళ్ల అప్పు 32 ఏళ్లు దాటుతుంది. కట్టే మొత్తం దాదాపు 21 లక్షల నుంచి 33 లక్షలు దాటుతుంది. 10.5 శాతమైతే నెల వడ్డీయే 8,750. వాయిదా వడ్డీకే చాలదు, అసలు పెరుగుతుంది. ఇది ఊహాలోకపు లెక్క కాదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. చాలామందికి వాయిదా మారలేదు కాబట్టి ఏమీ మారలేదనిపించింది. మారినది కంటికి కనబడని గడువు. వడ్డీ మారినప్పుడు ఆ సంగతి రుణగ్రహీతకు చెప్పాలనీ, వాయిదా పెంచాలా గడువు పెంచాలా అన్న ఎంపిక అతనికివ్వాలనీ 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అపరాధ రుసుమును అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ లాగే పద్ధతిని ఆ నెలలోనే కాదంది. డబ్బు చేతికివ్వకముందే, మంజూరు తేదీ నుంచే వడ్డీ వేస్తున్న సంస్థలను తనిఖీల్లో గమనించి 2024 ఏప్రిల్‌లో మందలించింది. పద్దులో తారీఖు ముందుకు జరిపే పాత షావుకారు చనిపోలేదన్నమాట. అతనికి కంప్యూటరు వచ్చింది.

మా మిత్రుడికి ఇంట్లో జబ్బు వచ్చి కొన్ని వాయిదాలు తప్పాయి. తొంభై రోజులు దాటితే అప్పు మొండిబాకీ జాబితాలోకి వెళ్తుంది. అక్కడినుంచి 2002 నాటి సర్ఫేసీ చట్టం పనిచేస్తుంది. పూర్వం ఇల్లు వేలం వేయాలంటే అప్పిచ్చినవాడు సివిలు కోర్టుకు వెళ్లాలి. ఈ చట్టంతో ఆ అవసరం పోయింది. అరవై రోజుల నోటీసు ఇస్తారు, తర్వాత స్వాధీనం, ఆపైన వేలం. అభ్యంతరం రాస్తే దానికి 15 రోజుల్లో సంస్థ జవాబివ్వాలి. స్వాధీన చర్య తీసుకున్నాక 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. మొదట్లో ఆ గడప తొక్కాలంటే అడిగిన సొమ్ములో 75 శాతం ముందే కట్టమన్నారు. డబ్బు లేనందుకే ఇల్లు పోతున్నవాడిని న్యాయం కోసం డబ్బు కట్టమనడం అన్యాయమని 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. కాని 2016 సవరణ మరో దారి కుదించింది. బాకీ చెల్లించి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడటంతోనే ముగిసిపోతుంది. 2023లో సుప్రీంకోర్టు కూడా ఈ అర్థాన్నే ఖాయం చేసింది. సాగుభూమికి ఈ చట్టం వర్తించదు. ఇంటికి ఆ రక్షణ లేదు.

ఆ నోటీసు పట్టుకుని అతను నా దగ్గరికి వచ్చాడు. ‘నువ్వు ఎమ్మే చదివినవు గదా, జర చదివి చెప్పు’ అన్నాడు. నాలుగు పేజీల ఇంగ్లీషు. చదివాను, అర్థం కాలేదు. అభ్యంతరం రాసుకునే హక్కు అందులో ఎక్కడో ఉందని వకీలు చెప్పేదాకా ఇద్దరికీ తెలియదు. చివరికి భార్య నగలు అమ్మి బాకీ సరిచేశాడు. ఇల్లు దక్కింది. కాని ఆ సాయంత్రం నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు. పాఠం అర్థతాత్పర్యాలు చెప్పగలిగిన నేను, పక్కమనిషి ఇంటి మీదికి వచ్చిన నాలుగు పేజీలు చదవలేకపోయాను.

వేలిముద్ర వేసినవాడు నిరక్షరాస్యుడు. ఈనాడు సంతకం చేసేవాడు అక్షరాస్యుడే, అయినా ఇద్దరిదీ ఒకే స్థితి. అప్పు ముఖ్యాంశాల పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలోనే ఉండాలనీ, దాన్ని వివరించి చెప్పాలనీ రిజర్వు బ్యాంకు 2024లో నియమం పెట్టింది, అక్టోబరు 1 నుంచి అమలన్నది. భాషా సమస్య వర్గసమస్యలో భాగమని మనం వేదికల మీద అంటూ వచ్చాం. ఆ మాటకు ఇంతకంటే గట్టి రుజువు నాకు తెలియదు.

చదవకుండా సంతకం చేయడం అప్పుతీసుకున్నవాళ్లకే పరిమితం కాదు. అమెరికాలో 2008 సంక్షోభం తర్వాత ఇళ్ల జప్తు ప్రమాణపత్రాల మీద ఉద్యోగులు చదవకుండానే వందల సంతకాలు చేసినట్టు 2010లో బయటపడింది. 2012లో అయిదు పెద్ద సంస్థలు సుమారు 2,500 కోట్ల డాలర్ల ఒప్పందానికి రావలసి వచ్చింది. అక్కడ దోపిడీ జరిగింది, కాని దోపిడీదారు ముఖం కనబడలేదు. ఈ ముఖం లేనితనాన్ని స్టయిన్‌బెక్ 1939లోనే తన ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవలలో పట్టుకున్నాడు. భూమి నుంచి గెంటబడ్డ రైతుకు ఎవరి మీద కోపగించాలో తెలియదు. ట్రాక్టరు నడిపేవాడు కూలివాడే, పంపినవాడు మరొకడు, వాడి పైన ఇంకొకడు.

మన రచయితకు ఎదురయ్యే శిల్పసమస్య ఇదే. షావుకారుకు మీసాలు, కిర్రుచెప్పులు, ఒక పేరు ఉండేవి. పాఠకుడి కోపానికి ఒక చిరునామా దొరికేది. బ్యాంకు మేనేజరును అతని స్థానంలో నిలబెట్టి కథ రాస్తే అది అబద్ధమవుతుంది. ఆ మేనేజరూ జీతగాడే, బహుశా అతనికీ ఇంటి అప్పు ఉంటుంది. దుర్మార్గం మనిషి గుణంలో కాక ఏర్పాటులో ఉన్నప్పుడు ఏర్పాటునే పాత్రగా చూపాలి. పోలీసుస్టేషను, కోర్టు నడిచే తీరు వకీలుగా తెలుసు కాబట్టే రావిశాస్త్రి చట్టాన్ని కథలోకి తేగలిగాడు. ఆ పని ఇప్పుడు రుణపత్రం విషయంలో జరగాలి.

సాహిత్య విద్యార్థులకు నాదొక సూచన. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒక అప్పు కాగితం ఉండే ఉంటుంది. దాన్ని ప్రబంధానికి ఇచ్చినంత శ్రద్ధతో ఒకసారి చదవండి. వడ్డీ ఏ తారీఖు నుంచి, మారితే ఎవరిని అడిగి, అపరాధ రుసుము దేని మీద, ఇంటి కాగితాలు ఎప్పుడు తిరిగి ఇస్తారు - ఈ నాలుగూ గుర్తించండి. బాకీ తీరిన 30 రోజుల్లో అసలు కాగితాలు వాపసు ఇవ్వాలనీ, ఆలస్యం తమదైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలనీ 2023లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ఉందని ఇంటివాళ్లకు చెప్పండి. కథ రాసినా రాయకపోయినా, చదివి చెప్పేవాడొకడు వాడకు ఉంటే ఒక ఇల్లయినా నిలబడుతుంది.