దస్త్రాలే సాక్షులు
కంపెనీల మోసాలపై పరిశోధనకు పాత కాగితాలే ఆధారం
అగ్రిగోల్డ్ లెక్కల్లో ఉత్తరాంధ్ర వాటా చెబుతున్నదేమిటి?

శ్రీకాకుళం, విజయనగరం: ఇంట్లో దొంగ పడితే గొళ్లెం విరిగి ఉంటుంది. కంపెనీ మోసగిస్తే అటువంటి ఆనవాలేదీ కంటికి కనిపించదు. సొమ్ము కట్టిననాడు రసీదు ఇస్తారు. బాండు చేతిలో పెడతారు. గడువు తీరాక కార్యాలయానికి తాళం కనిపించే వరకు తాను మోసపోయిన సంగతి బాధితునికి తెలియదు. అప్పటికి ఏళ్లు గడిచిపోతాయి. అందుకే ఇటువంటి నేరాలపై పరిశోధన చేసేవారు మనుషుల కంటే ముందు కాగితాలను ప్రశ్నిస్తారు. కంపెనీలు స్వయంగా దాఖలు చేసిన లెక్కలు, నియంత్రణ సంస్థల ఉత్తర్వులు, కోర్టు తీర్పులు, పంపిణీ జాబితాలు, జనాభా లెక్కలు వారికి సాక్షులు.

ద్వితీయ సమాచారం అంటే..
పరిశోధకుడు తానుగా ఇంటింటికీ తిరిగి సేకరించేది ప్రాథమిక సమాచారం. వేరొకరు వేరొక అవసరం కోసం సేకరించి ఉంచినది ద్వితీయ సమాచారం. అందులో కాలం గడిచాక కూడా భద్రపరచిన దస్త్రాలను అభిలేఖాలు అంటారు. సాధారణ నేరాల విషయంలో బాధితులను అడిగి చాలావరకు వివరాలు రాబట్టవచ్చు. కంపెనీల నేరాల్లో అది కుదరదు. చేసినవారు నోరు విప్పరు. నష్టపోయినవారికి లోపల ఏం జరిగిందో తెలియదు. అయితే ఏటా ఆస్తిఅప్పుల పట్టీ, వార్షిక రిటర్నులు దాఖలు చేయక తప్పని పరిస్థితిని చట్టం కంపెనీలకు కల్పించింది. నిజమైనా అబద్ధమైనా వారు చెప్పినది అక్కడ తేదీతో సహా నిలిచి ఉంటుంది.

ఈ పద్ధతికి బాట వేసినవారు అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్. ఆ దేశంలోని 70 పెద్ద కంపెనీలపై కోర్టులు, ప్రభుత్వ కమిషన్లు ఇచ్చిన నిర్ణయాలను ఏరి ఆయన 1949లో గ్రంథంగా వెలువరించారు. ఆ కంపెనీలకు వ్యతిరేకంగా వెలువడిన నిర్ణయాలు 980 అని తేలింది. సగటున ఒక్కో కంపెనీకి 14. అందులో క్రిమినల్ కోర్టులు ఇచ్చినవి 158 మాత్రమే. పోలీసు రికార్డునే నమ్ముకొని ఉంటే మిగిలిన 822 ఆయన కంటికి కనిపించేవి కావు. పరువు నష్టం దావాల భయంతో ఆనాడు తొలగించిన కంపెనీల పేర్లు 1983 ముద్రణలో గాని పాఠకులకు చేరలేదు.

మన జిల్లాల లెక్క
ఇదే పద్ధతిని మన ప్రాంతానికి అన్వయిస్తే ఏం తెలుస్తుందో చూడటానికి అగ్రిగోల్డ్ వ్యవహారం తగిన ఉదాహరణ. విజయవాడ కేంద్రంగా పనిచేసిన ఈ సంస్థ స్థలాలు గాని, గడువు తీరాక అధిక మొత్తం గాని ఇస్తామంటూ పలు రాష్ట్రాల్లో డిపాజిట్లు సేకరించింది. 2014లో చెల్లింపులు నిలిచిపోయాయి. దాదాపు 32 లక్షల ఖాతాల ద్వారా రూ.6,380 కోట్ల మేర వసూలు చేసినట్లు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ పేర్కొంది. 2020 డిసెంబరులో రూ.4,109 కోట్ల విలువైన ఆస్తులను జప్తు చేసింది.

అంతకుముందు 2019 నవంబరులో, రూ.10 వేల లోపు డిపాజిట్ చేసినవారికి రాష్ట్ర ప్రభుత్వం సొమ్ము విడుదల చేసింది. 13 జిల్లాల్లో కలిపి 3,69,655 మందికి సుమారు రూ.264 కోట్లు. ఈ జాబితాలో విజయనగరం జిల్లా మొదటి స్థానంలో నిలిచింది. అక్కడ 57,941 మందికి రూ.36.97 కోట్లు కేటాయించారు. విశాఖపట్నంలో 52,005 మందికి రూ.45.10 కోట్లు, శ్రీకాకుళంలో 45,833 మందికి రూ.31.41 కోట్లు చూపారు. గుంటూరులో 19,751 మంది, చిత్తూరులో 8,257 మంది మాత్రమే ఉన్నారు.

ఇది సొమ్ము పంపిణీ కోసం తయారైన జాబితా. పరిశోధన కోసం రూపొందించినది కాదు. దాని పక్కన 2011 జనాభా లెక్కలను ఉంచితే కొత్త విషయం బయటపడుతుంది. విజయనగరం జిల్లా జనాభా 23.44 లక్షలు. అంటే ప్రతి వెయ్యి మందిలో దాదాపు 25 మంది ఈ జాబితాకెక్కారు. శ్రీకాకుళంలో ఇది 17, విశాఖపట్నంలో 12. అదే గుంటూరులో 4, చిత్తూరులో 2. రాష్ట్రం మొత్తం జాబితాలో నూటికి 42 మంది ఉత్తరాంధ్రలోని మూడు జిల్లాలవారే. ఈ మాట ఏ ఒక్క దస్త్రంలోనూ రాసి లేదు. రెండింటిని కలిపి చదివితేనే తెలిసింది.

సగటు తీసినా ఒక సంగతి అర్థమవుతుంది. విజయనగరంలో ఒక్కొక్కరికి దక్కేది సుమారు రూ.6,380. శ్రీకాకుళంలో రూ.6,850. విశాఖపట్నంలో రూ.8,670. పేద జిల్లాలో చిన్న మొత్తాలు ఎక్కువ మంది కట్టారని ఈ అంకెలు సూచిస్తున్నాయి.

అంకె చెప్పనిది కూడా ఉంది
ఇక్కడే తొందరపాటు పనికిరాదు. ఉత్తరాంధ్రవారే ఎక్కువగా మోసపోయారని ఈ జాబితా నిరూపించదు. రూ.10 వేలకు మించి కట్టినవారు అందులో లేరు. కాగితాలు పోగొట్టుకున్నవారు, ఇంట్లో తెలుస్తుందని దరఖాస్తు చేయనివారు, వలస వెళ్లి సమయానికి రాలేకపోయినవారు లెక్కలోకి రారు. ఒక జిల్లాలో పరిశీలన చురుగ్గా సాగి మరో జిల్లాలో మందగించినా అంకెలు మారిపోతాయి. ఇక్కడ ఏజెంట్లు ఎక్కువా, బ్యాంకు శాఖలు తక్కువా, పరిశీలన వేగమా.. కారణమేదో తేలాలంటే సంస్థ శాఖల రిజిస్టర్లు, జిల్లాల వారీగా రిజర్వు బ్యాంకు ప్రకటించే శాఖల వివరాలు, తిరస్కరించిన దరఖాస్తుల జాబితా కూడా చూడాలి.

ఒకే చెల్లింపునకు రెండు లెక్కలు ఉండటం మరో చిక్కు. 2019లో విడుదల సమయాన చెప్పినది 3.69 లక్షల మంది, రూ.264 కోట్లు. 2021 ఆగస్టులో రెండో విడత సందర్భంగా, మొదటి విడతలో చెల్లించినది 3.40 లక్షల మందికి రూ.238.73 కోట్లు అని ప్రభుత్వం ప్రకటించింది. విడుదల వేరు, ఖాతాలో జమ కావడం వేరు. తేదీ చూడకుండా అంకెను తీసుకుంటే దాదాపు 30 వేల కుటుంబాలకు అందని సొమ్ము అందినట్లు రాసే ప్రమాదం ఉంది. అలాగే 32 లక్షల ఖాతాలంటే 32 లక్షల మంది అని కాదు. ఒక్కరికే నాలుగైదు ఖాతాలు ఉండవచ్చు.

పోలీసు గణాంకాల్లో చిక్కు ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రకటించే నివేదికలో ఒక ఎఫ్‌ఐఆర్ ఒక కేసుగానే నమోదవుతుంది. జేబుదొంగతనం ఒక కేసు. వేలాది కుటుంబాల సొమ్ము పోయినా, ఒకే ఎఫ్‌ఐఆర్ అయితే అదీ ఒక కేసే.

దస్త్రమే అబద్ధమైతే..
సత్యం కంప్యూటర్స్ ఉదంతం మరో పాఠం నేర్పింది. 2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబరు 30 నాటి పట్టీలో చూపిన రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆ పట్టీలు అందరికీ అందుబాటులో ఉన్న పత్రాలే. ఏళ్ల తరబడి వేలమంది చదివినవే. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం పది మందిని దోషులుగా తేల్చింది. వారు అప్పీలుకు వెళ్లారు. కంపెనీ కాగితాన్ని కంపెనీ కాగితంతోనే సరిచూస్తే ఇటువంటి మోసం దొరకదు. బ్యాంకు రికార్డు, రిజిస్ట్రేషన్ కార్యాలయం రికార్డు వంటి బయటి దస్త్రంతో పోల్చినప్పుడే గుట్టు రట్టవుతుంది.

ఏ జిల్లా పేరుతో వెతకాలి?
డిపాజిటర్ల గోడు ఈ కాలానికే పరిమితం కాదు. మద్రాసులో పేరుమోసిన అర్బత్‌నాట్ సంస్థ 1906 అక్టోబరు 22న చెల్లింపులు ఆపేసింది. నమ్మి సొమ్ము దాచుకున్న వేలమంది నష్టపోయారు. సంస్థ అధిపతి సర్ జార్జి అర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన కారాగార శిక్ష పడింది. ఆ దెబ్బ తర్వాతే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. నాడు మన ప్రాంతమూ మద్రాసు రాష్ట్రంలోనిదే కనుక ఆ కాలపు ప్రభుత్వ దస్త్రాల కోసం చెన్నైలోని తమిళనాడు అభిలేఖాగారాన్ని ఆశ్రయించాలి.

అక్కడ శ్రీకాకుళం జిల్లా అని అడిగితే దొరకదు. ఆనాడు శ్రీకాకుళం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాక శ్రీకాకుళం ప్రాంతం విశాఖలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం, 1979 జూన్ 1న విజయనగరం జిల్లాలు అవతరించాయి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. 2019 నాటి అగ్రిగోల్డ్ జాబితాను నేటి జిల్లాతో పోల్చేవారు ముందుగా ఈ హద్దుల మార్పును సరిచేసుకోవాలి.

సామాన్యులకూ అవకాశం
ఈ దస్త్రాలు పరిశోధకులకే పరిమితం కావు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో నిర్ణీత రుసుము చెల్లించి ఏ కంపెనీ పత్రాలనైనా ఎవరైనా చూడవచ్చు. సెబీ ఉత్తర్వులు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా లభిస్తాయి. డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉన్నదీ లేనిదీ రిజర్వు బ్యాంకు నిర్వహిస్తున్న సచేత్ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. కంపెనీ చూపించే స్థలం ఎవరి పేరున ఉందో, తాకట్టులో ఉందో లేదో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీసుకుంటే తెలుస్తుంది. ప్రభుత్వ కార్యాలయాల్లోని మిగిలిన సమాచారానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది.

సొమ్ము కట్టే ముందు ఇందులో ఒక్కటి చూసినా ఎంతో ఉపయోగం. కట్టేసిన వారి చేతిలో మిగిలేది బాండు, రసీదు, పాస్‌పుస్తకం. 2025 ఫిబ్రవరిలో రూ.3 వేల కోట్లకు పైగా విలువైన అగ్రిగోల్డ్ ఆస్తులను బాధితులకు చెల్లింపుల నిమిత్తం ఈడీ అప్పగించింది. పంపిణీ ఎప్పుడు జరిగినా ముందుగా అడిగేది ఆ కాగితాలనే. కంపెనీ పోయిందని బాండును పొయ్యిలో పడేసినవారు రెండుసార్లు నష్టపోతారు. ఒకసారి సొమ్ము పోతుంది. మరోసారి లెక్కలోంచి వారి పేరే పోతుంది.