వెలుగు చూడని నిప్పు

హైదరాబాద్ పొలిమేర దాటగానే దారికి రెండు పక్కలా గుండ్లు కనిపిస్తాయి. గుండు మీద గుండు, ఇప్పుడో ఇంకాసేపట్లోనో దొర్లిపడేట్టు నిలబడి ఉంటాయి. వాటిని ఎవరూ మోసుకొచ్చి పేర్చలేదు, ఉన్నచోటే పుట్టాయి. పుట్టినప్పుడు అవి రాళ్లు కావు, నిప్పుల ముద్ద!

సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట, ఇక్కడి నేలకు కిలోమీటర్ల లోతున కరిగిన రాయి పైకి ఎగబాకింది. అదే శిలాద్రవం. చుట్టూ ఉన్న రాతికన్నా తేలిక కనుక మెల్లగా పైకి వచ్చింది కానీ, నేల దాటలేకపోయింది. లావాగా బయటికి ఉబికి ఉంటే చప్పున ఆరిపోయి, పలుకు కంటికి ఆనని సన్నరాయి అయ్యేది. పైనున్న రాతి దుప్పటి వేడిని పోనివ్వలేదు. చల్లారడానికి లక్షల ఏళ్లు పట్టింది. ఆ తీరికలోనే స్ఫటికాలు పెరిగాయి, ఆ ద్రవం గ్రానైట్ అయింది.

కొత్తగా పగిలిన గ్రానైట్ ముక్కను ఎండలో పట్టి చూడండి. శనగగింజంత గులాబీ పలుకులు ఫెల్డ్‌స్పార్. గాజు పెంకుల్లాంటివి క్వార్ట్జ్. తళుక్కుమనే నల్ల రేకులు అభ్రకం.

గ్రానైట్ గట్టిపడి పగుళ్లిచ్చాక, మరింత లోతు నుంచి ఇంకో శిలాద్రవం ఆ పగుళ్లలోకి గోడలా చొరబడింది. ఆ నల్లగోడే డైక్, ఆ రాయి డోలరైట్. చల్లటి గ్రానైట్‌ తగిలిన అంచున అది వెంటనే ఆరిపోయింది, అక్కడ పలుకే కనిపించదు. నడిమికి వెళ్లేకొద్దీ పలుకు పెద్దదవుతుంది. వేడి ఎక్కడ ఎంతసేపు నిలిచిందో రాయే చెబుతుంది.

పైనున్న రాతి దుప్పటిని యుగాల వానలూ గాలులూ అరగదీశాయి. భారం తగ్గిన గ్రానైట్ ఉల్లిపొరల్లా విచ్చుకుంది. నీరు పగుళ్లలోకి దిగి, మూలలు తినేసి గుండ్లను మిగిల్చింది. గోల్కొండ కోట నిలిచింది ఈ రాతి మీదే. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు వెలసింది భువనగిరి దగ్గరి రాయగిరి గ్రానైట్‌లోంచే. 1213 నాటి రామప్ప గుడిలో మదనికలనే స్త్రీ శిల్పాల నగలకు అంత సన్నని నగిషీ కుదిరిందంటే, శిల్పి ఉలికి నల్లటి డోలరైట్ సన్నపలుకు తోడు రావడం వల్లే.

సాయంత్రం ఒక గుండు మీద చెయ్యి వేసి చూడండి, ఇంకా వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం సూర్యుడిది. లోపలి నిప్పు ఏనాడో ఆరింది. అది ఎంత నెమ్మదిగా ఆరిందో మాత్రం మీ వేళ్ల కింద పలుకు పలుకులో ఉంది. ఆ గుండును పేల్చేస్తే మళ్లీ పుట్టించుకోలేం.